పాత డీఎస్‌ఎల్‌ఆరా, జేబులో పట్టే కాంపాక్టా? రెండూ వాడి, రెండూ పాడుచేసుకున్నవాడి జవాబు

మండపేటలో స్టూడియో ఆయన తన పాత నికాన్ డీ90 అనే డీఎస్‌ఎల్‌ఆర్‌ని, అంటే లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరాని, 18-105 జూమ్ లెన్స్‌తో కలిపి 14 వేలకి ఇస్తానంటున్నాడు, ఇంచుమించు అదే డబ్బుకి 40 ఎక్స్ జూమ్ ఉన్న కాంపాక్ట్ కెమెరా ఒకటి దొరుకుతోంది, ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, పండగలకీ తీర్థాలకీ తిరుగుతాం, అప్పుడప్పుడు కొల్లేరు వెళ్లి పిట్టల్ని తియ్యాలనుంది, ఏది కొనమంటారు అని కదా మీ ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను, డీ90 తీసుకోండి. అయితే ఆ 18-105 చూసి మురిసిపోయి మాత్రం తీసుకోకండి. పైన ఇంకో నాలుగైదు వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో 50 ఎం.ఎం. ఎఫ్1.8 లెన్స్ (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది) కొనుక్కునే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి. అది కొనను, వచ్చినదాంతోనే సరిపెట్టుకుంటాను అంటే ఈ రెండూ వద్దు, ఫోన్‌తో కానిచ్చేయండి, 14 వేలు మిగులుతాయి.

ఇంత ఖరాఖండీగా ఎందుకు చెప్తున్నానంటే ఈ రెండు రకాలూ నేను వాడాను. ముందు కాంపాక్టే కొన్నాను, జూమ్ చూసి. మాది మలికిపురం అవతల, కాలవ గట్టు మీద నిలబడి కొబ్బరిచెట్టు చివర కూర్చున్న పిట్టని తీస్తే పిట్ట కన్ను కూడా కనపడింది, ఇంకేం కావాలి అనుకున్నాను. నెల తిరక్కుండానే ఆత్రేయపురంలో మా మేనత్త వాళ్లింటికి వెళ్లాల్సొచ్చింది. ఆవిడ పూతరేకులు తీస్తుంది. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు తయారు, మనం రెప్ప వేసి తీసేలోపు అంచు పట్టుకుని లేపేస్తుంది. వసారాలో చీకటి, వెలుతురు అంతా తలుపులోంచి వచ్చేదే, పైగా పొగ. ఫ్లాష్ వేసి తీస్తే రేకు తెల్లకాగితం అయిపోయింది. ఫ్లాష్ ఆపితే ఫొటో అంతా అలుక్కుపోయింది. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే గుణం, పెంచితే సున్నం కొట్టిన గోడ ముక్కలా వచ్చింది. రేకు అందమంతా దాని వెనకున్న చెయ్యి కనపడ్డంలో ఉంది కదండీ, అదొక్కటే రాలేదు. మరుసటేడు అదే వసారాలో డీ90కి 50 లెన్స్ పెట్టి, ఎఫ్2 దగ్గర, ఐఎస్ఓ 1600లో తీశాను. రేకు వచ్చింది, రేకులోంచి అత్త వేళ్లు వచ్చాయి, వేళ్లకంటిన పిండి కూడా వచ్చింది.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు, అంతా వెలుతురు లెక్క. డీ90 లోపల బొమ్మ పడే సెన్సార్ 23.6 మిల్లీమీటర్ల వెడల్పు, 15.8 ఎత్తు. మీరు చెప్పే తరహా జూమ్ కాంపాక్టుల్లో మామూలుగా ఉండేది దాదాపు 6.2కి 4.6, అంటే మన చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. వైశాల్యం లెక్కేస్తే డీ90ది 13 రెట్లు. చిన్న సెన్సార్ మీద ఎన్ని మెగాపిక్సెళ్లు కుక్కినా చీకట్లో అది చేతులెత్తేస్తుంది. డీ90 2008లో వచ్చింది, 12 మెగాపిక్సెళ్లే, అయినా ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఇప్పటికీ నెట్టుకొస్తోందంటే కారణం ఇదే.

కానీ చాలామంది ఇక్కడితో ఆగిపోయి పప్పులో కాలేస్తారు. బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) కొనేసి, దాంతో వచ్చిన కిట్ లెన్స్‌తో ఇంట్లో తీసి, ఫోన్‌లోనే బాగొస్తోందే అని తల పట్టుకుంటారు. 18-105ని చివరిదాకా తిప్పితే దాని అపర్చర్, అంటే వెలుతురు వచ్చే కన్ను, ఎఫ్5.6. ఎఫ్1.8 లెన్స్ దానికంటే ఇంచుమించు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. అంటే కిట్ లెన్స్‌తో సెకనులో పదో వంతు షట్టర్ స్పీడు దగ్గర మీ పాప గెంతులేస్తూ మసకమసకగా వచ్చే చోట, 50తో సెకనులో నూరో వంతు దొరుకుతుంది. మూడేళ్ల పిల్ల ఒక్క క్షణం కుదురుగా ఉండదు కాబట్టి మీకు కావాల్సింది ఆ నూరో వంతే. ఫోన్‌తో పోల్చినప్పుడు పాత డీఎస్‌ఎల్‌ఆర్ పైచేయి కూడా ఇలాంటి లెన్స్ పెట్టినప్పుడే తెలుస్తుంది.

డీ90నే ఎందుకు పట్టుకోమంటున్నానో కూడా చెప్పాలి. దాని బాడీలో ఫోకస్ మోటార్ ఉంటుంది. నికాన్‌లో పాత 50 ఎఫ్1.8డీ అనే లెన్స్‌లో మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటారే దాన్ని తిప్పాలి. అందుకే అది చవక. అదే లెన్స్ డీ40కో డీ3100కో పెడితే ఆటోఫోకస్ పనిచెయ్యదు, చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి. డీ90 కంటే కొత్తది కదా అని డీ3100 కొన్నవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక ఇబ్బంది పడటం చూశాను. ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ సెన్సార్ మీద 50 కాస్తా పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 75లా పనిచేస్తుంది, అంటే మనిషి బాగా దగ్గరగా కనిపిస్తాడు, గదిలో తీయాలంటే వెనక్కి జరుగుతూనే ఉండాలి. మా చెల్లెలి నిశ్చితార్థంలో అందరూ ఫ్రేములోకి రావాలని అలా జరుగుతూ జరుగుతూ పెరట్లోకి వెళ్లి కుడితి గోలెంలో కాలు పెట్టాను, ఆ ఫొటోలో అందరూ పగలబడి నవ్వుతూ ఉంటారు. గదులు ఇరుగ్గా ఉంటే 35 ఎఫ్1.8 చూడండి, ఖరీదు కాస్త ఎక్కువే కానీ గోలెం గొడవ ఉండదు.

ఇక తీర్థం సంగతి. కనుమ రోజు కోనసీమలోని జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు) వస్తాయి కదా, గంగలకుర్రు వాళ్లు ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ నీళ్లలోకి దిగుతారు. పట్టపగలు, బోలెడంత ఎండ, కాబట్టి ఏ కెమెరా అయినా ఒకటే అనుకుని తేలిగ్గా ఉంటుందని కాంపాక్ట్ పట్టుకెళ్లాను. నీళ్లు మోసేవాళ్ల నడుం దాకా వచ్చాయి, ప్రభ పక్కకి ఒరిగింది, అందరూ ఒక్కసారిగా కేక పెట్టారు, నేను బటన్ నొక్కాను. కెమెరా ముందుకీ వెనక్కీ ఫోకస్ వెతుక్కుని, తీరిగ్గా క్లిక్కుమనేసరికి ప్రభ నిటారుగా నిలబడిపోయింది, ఫ్రేములో నా ముందాయన తలపాగా పడింది. ఆ కాలం నాటి కాంపాక్టులు సెన్సార్ మీద పడే బొమ్మలోనే వెతికి వెతికి ఫోకస్ పట్టుకుంటాయి, డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం కింద దానికోసమే వేరే సెన్సార్ ఉంటుంది, అది ఎటు తిప్పాలో ఒక్క చూపులో తేల్చేస్తుంది. నొక్కగానే పడుతుంది. డీ90లో కూడా వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే ఆ తొందర ఉండదు, కన్ను పెట్టి చూసే కిటికీలోంచే తియ్యండి. వీడియో అయితే దాని జోలికే పోకండి. వీడియో తీసిన మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే, ఆ గౌరవం అలా ఉంచితే 720పీలో ఒక్కో క్లిప్ ఐదు నిమిషాలే, తీస్తుండగా ఆటోఫోకస్ ఉండదు. దానికి మీ ఫోనే నయం.

కాంపాక్ట్‌ని మరీ తీసిపారెయ్యను. కొల్లేరు అన్నారు కాబట్టి అక్కడ దాని మాటే చెల్లుతుంది. శీతాకాలంలో ఆటపాక వెళ్లి పడవెక్కితే గూడబాతులు (పెలికాన్లు) చెట్లనిండా ఉంటాయి, 18-105తో తీస్తే చెట్టు వస్తుంది, బాతులు తెల్లచుక్కల్లా వస్తాయి. 40 ఎక్స్ జూమ్ అక్కడ పొద్దున్న ఎండలో భలే పనిచేస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌కి ఆ స్థాయి లెన్స్ కొనాలంటే రెండు గేదెలు అమ్మాలి. మీరు తీసే ఫొటోల్లో సగం పైగా పిట్టలే అనుకుంటే నేను పైన రాసిందంతా మర్చిపోయి కాంపాక్టే కొనండి. ఇంకోటి, మనుషులు. డీ90 లెన్స్‌తో కలిపి కేజీ దాటుతుంది, దాన్ని బయటికి తియ్యగానే మా అమ్మ "ఉండరా, చీర మార్చుకొస్తాను" అని లోపలికి పోతుంది, వచ్చి బిగుసుకుని నిలబడుతుంది. చిన్న కెమెరాని ఆవిడ లెక్కే చెయ్యలేదు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఎవరినో తిడుతున్న ఫొటో ఒకటుంది, ఇంట్లో అందరికీ ఇష్టమైనది, అది కాంపాక్ట్‌తో తీసిందే.

మధ్యే మార్గం ఒకటుంది. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 లాంటి, ఒక అంగుళం రకం సెన్సార్ ఉన్న కాంపాక్టులు. సెన్సార్ డీ90 దాంట్లో మూడో వంతు ఉంటుంది, లెన్స్ ఎఫ్1.8 నుంచి మొదలు, బరువు పావుకేజీ లోపే. మంచి కండిషన్‌లో మీ బడ్జెట్‌కి దొరికితే వదలకండి, డీ90 కూడా అక్కర్లేదు. జూమ్ 3.6 ఎక్స్ మాత్రమే, కాబట్టి పిట్టల మీద ఆశ వదులుకోవాలి. ఇక ఇన్‌స్టా పిల్లలు ఎగబడి కొంటున్న పాత చిన్న కాంపాక్టుల జోలికి వెళ్లకండి, అది ఫ్యాషన్.

ఏది కొన్నా సరే, మన తడి నేలలో దాన్ని బతికించుకోవడం వేరే పని. నా కాంపాక్ట్ పోయింది అంతర్వేదిలో. సముద్రం దగ్గర గాలికి ఇసుక లేస్తుంది, నేను లెన్స్ బయటికి చాపుకునే తిరిగాను, రెండు గొట్టాల మధ్యలోకి నాలుగు రేణువులు దూరాయి. ఆపబోతే కిర్రుమని సగంలో ఆగిపోయింది, స్క్రీన్ మీద లెన్స్ ఎర్రర్. బాగుచెయ్యడానికి అడిగిన డబ్బుతో ఇంకోటి వస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కదా, గట్టిది అనుకుంటే అదీ మోసం చేసింది, కాదు, నేనే చేసుకున్నాను. వానలు మొదలయ్యాక 18-105ని గుడ్డ బ్యాగులో పెట్టి బీరువాలో పడేశాను, దసరాకి తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా తెల్లటి పోగులు. ఫంగస్. మొదట్లోనే అయితే విప్పి తుడుస్తారు, ముదిరితే అద్దం మీది పూతని తినేస్తుంది, ఇక అంతే. ఇప్పుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, మనం అప్పడాలు దాచుకునే రకం, సిలికా జెల్ పోసి పెడుతున్నాను. నీలం గుళికలు తడి పీల్చుకుంటే గులాబీ రంగుకి తిరుగుతాయి, వేడిచేస్తే మళ్లీ నీలం అవుతాయి, కానీ వంటకి వాడే మూకుట్లో మాత్రం వెయ్యొద్దు, ఆ రంగు మంచిది కాదు. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు, బియ్యప్పిండి లెన్స్ గొట్టంలోకి పోతుంది, వినకండి.

కాబట్టి స్టూడియో ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక టార్చ్ పట్టుకెళ్లండి. లెన్స్‌కి ఒక వైపు నుంచి టార్చ్ వేసి రెండో వైపు నుంచి చూడండి, దుమ్ము చుక్కలు ఉన్నా పర్లేదు, పోగులు కనపడితే ఆ లెన్స్ ఉచితంగా ఇచ్చినా వద్దు. మీ సొంత మెమరీ కార్డు పెట్టి ఆకాశాన్ని ఎఫ్16లో తీసి చూడండి, సెన్సార్ మీద మచ్చలుంటే బయటపడతాయి. కార్డు 32 జీబీ దాటకూడదు, దానికి పైవి ఆ కెమెరా కాలానివి కావు. తీసిన ఫొటోని ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫైల్లోనే రాసి ఉంటుంది. డీ90 షట్టర్‌ని లక్ష క్లిక్కులకి పరీక్షించారు, పెళ్లిళ్లు తీసిన కెమెరా అయితే అది ఎప్పుడో దాటి ఉంటుంది, దాటినంత మాత్రాన చచ్చిపోదు కానీ రేటు తగ్గించమని అడగడానికి అదే మంచి సాకు. మెనూలో బ్యాటరీ సమాచారం దగ్గర దాని వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది, 4 అని ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

ఇంకోటి, డబ్బులు చేతిలో పెట్టేముందు చార్జర్ అడగండి. నాకు అమ్మినాయనది నరసాపురం, "చార్జరు ఇంటికాడుందండి, ఆయ్, రేపొచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు, దానికోసం సఖినేటిపల్లి రేవులో మూడుసార్లు పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాను.