ఒట్టు వేయిస్తే నిజాయతీ వస్తుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. రెండు నెలల కిందట వాళ్లవ్వ పర్సులో 500 రూపాయలు కనిపించలేదు. పనామెను అనుమానించి నిలదీశాం. తర్వాత తీసింది వీడేనని తేలింది. మావారు దేవుడి పటం మీద చెయ్యి పెట్టించి, ఇంకెప్పుడూ అబద్ధమాడనని ఒట్టు వేయించారు. రోజూ పడుకునే ముందు అవ్వ కాళ్లకు దణ్ణం పెట్టాలన్నారు. వారమంతా అబద్ధమాడకపోతే 100 రూపాయలిస్తామన్నాం. నేను రోజూ వాడి ఫోన్ చూస్తున్నాను. వాడు చాట్‌లు డిలీట్ చేసేస్తున్నాడు. మొక్కుబడిగా వంగి లేస్తుంటే మా అత్తగారు "నాకీ దణ్ణం వద్దు లేమ్మా" అని కాళ్లు వెనక్కి తీసుకుంటున్నారు. వాడికి ప్రేమ, నిజాయతీ రావాలంటే ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ దణ్ణం ఈ రాత్రే ఆపించండి. మీ అత్తగారు సరిగ్గానే గ్రహించారు. పెట్టకపోతే తిట్లు పడతాయని పెట్టే దణ్ణంలో మనవడి మనసు ఎంతుందో ఆమెకు తెలిసే దారి లేదు. పెట్టకుండా ఉండే వీలున్నప్పుడే, పెట్టినదానికి అర్థం. "రేపటి నుంచి ఇది నీ ఇష్టం" అని ఒక్క మాటలో చెప్పి వదిలేయండి. ఆ తర్వాత గుర్తు చేయొద్దు, పెట్టలేదని దెప్పొద్దు.

100 రూపాయల సంగతి ఇంకా చిక్కు. బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టపడే 3 నుంచి 5 ఏళ్ల పిల్లల మీద లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు ఓ ప్రయోగం చేసి 1973లో ప్రచురించారు. గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. ఇష్టంగా చేసేది కూలిపనిలా మారింది. మీ ఇంట్లో ఇంకో తిరకాసు ఉంది. అబద్ధం ఆడాడో లేదో తేల్చేది మీరు. అంటే ఆ 100 నిజం చెప్పినందుకు రావడం లేదు, దొరకనందుకు వస్తోంది. ఆ డబ్బునే షరతు లేని పాకెట్ మనీగా, ప్రతి ఆదివారం ఇవ్వండి.

మీ ఉత్తరంలో రెండు విషయాలు లేవు. ఆ 500 దేనికి తీశాడన్నది ఒకటి. పనామె సంగతి ఏమైందన్నది రెండోది. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే ఉంది: తను తీసిన డబ్బుకు ఇంకొకరు మాట పడుతుంటే వాడు నోరు విప్పలేదు. ఆమెకు మీరు క్షమాపణ చెప్పారా? చెప్పకపోతే మీరూ, మీవారూ కలిసి చెప్పండి, వాడు ఇంట్లో ఉన్నప్పుడు. "ఏ ఆధారం లేకుండా మిమ్మల్ని అనుమానించాం, తప్పు మాది" అంటే చాలు. వాడి చేత చెప్పించొద్దు. తర్వాత మీరూ, మీ అబ్బాయీ మాత్రమే ఉన్నప్పుడు, ఆ మాట బయటికి పొక్కితే ఆమెకు పక్క ఫ్లాట్లలో పనులు పోయేవని వివరించండి. "నువ్వు చెడ్డవాడివి" అన్న మాటకు పిల్లలు మొండికేస్తారు. "దీనివల్ల ఆమెకు ఇలా జరిగింది" అన్నది తలకెక్కుతుంది. ఏం చేయాలో వాడినే ఆలోచించుకోనివ్వండి. వారం పట్టినా పట్టనివ్వండి.

డబ్బు గురించి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. పాలకో కూరగాయలకో పక్కపక్కన నడుస్తూ అడగండి. "ఎందుకు తీశావ్?" వద్దు, "ఆ రోజు డబ్బు దేనికి కావాల్సి వచ్చింది?" అనండి. స్నేహితుడి పుట్టినరోజు చందా కావచ్చు, గేమ్‌లో కొనడానికి కావచ్చు, స్కూల్లో ఎవరో బెదిరిస్తూ ఉండొచ్చు. మూడింటికీ మీరు చేయాల్సింది వేరు. ముందే హామీ ఇవ్వండి: చెబితే డబ్బు తిరిగి కట్టాలి, అంతకు మించి శిక్ష ఉండదు. పాకెట్ మనీలోంచి వారానికి 50 చొప్పున పది వారాలు, వాడి చేత్తోనే అవ్వకు ఇవ్వాలి. నిజం చెప్పినా, అబద్ధం దొరికినా పడే దెబ్బ ఒకటే అయితే ఎవరైనా అబద్ధానికే మొగ్గుతారు.

ఫోన్ తనిఖీ వల్ల మీకు తెలిసేది తక్కువ. స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద స్టాటిన్, కెర్ చేసిన పరిశోధన 2000లో వచ్చింది. పిల్లల సంగతులు తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లేనని, నిఘా వల్ల కాదని అందులో తేలింది. రాత్రి పదికల్లా అందరి ఫోన్లూ, మీవీ సహా, హాల్లో చార్జింగ్‌లో ఉండాలన్న నియమం పెట్టండి. బెదిరింపులు, డబ్బు అడగడం, కొత్తవాళ్లు ఫొటోలు అడగడం లాంటి అనుమానం ఉంటే మాత్రం వాడికి చెప్పి, వాడి ముందే చూడండి.

అలాగని అన్నీ వాడి ఇష్టానికి వదలమని కాదు. పర్సు బీరువాలో పెట్టడానికి, బండి తాళాలు ఇవ్వకపోవడానికి వాడి ఒప్పుకోలు అక్కర్లేదు. మైనర్‌కు బండి ఇస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా పడొచ్చు. చేతలకు హద్దు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. ప్రేమను, మనస్సాక్షిని అలా రప్పించలేం.

మొదటి రెండు మూడు వారాలు బాధగానే ఉంటుంది. దణ్ణం పూర్తిగా మానేస్తాడు, అవ్వ గదివైపే వెళ్లకపోవచ్చు. "చూశావా, భయం లేకపోతే ఇంతే" అని మీవారు అనొచ్చు. అప్పుడు పాత పద్ధతికి మళ్లితే, ఇచ్చిన స్వేచ్ఛ కూడా పరీక్షేనని వాడికి అర్థమవుతుంది. అత్తగారికి ఇదంతా ముందే చెప్పండి. ఫోన్ రీచార్జ్, మాత్రల పేర్లు చదివిపెట్టడం లాంటి నిజంగా అవసరమైన పనులు ఆమెనే వాడిని అడగమనండి. మధ్యలో మీరు దూరొద్దు.

దొంగతనం మళ్లీ జరిగినా, బడి ఎగ్గొట్టినా, నిద్ర, తిండి మారినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ వదల్లేని స్థితి ఉంటే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అందుకోసమే షట్ క్లినిక్ ఉంది.

ఇవన్నీ మీవారు ఒకేసారి ఒప్పుకోకపోతే, ఇక ఒట్లు వేయించకూడదన్న ఒక్కటైనా ఒప్పించండి. ఒట్టు తప్పిన పిల్లవాడు ఆ సంగతి మీకు చెప్పుకోలేడు. దాచుకోవడం తప్ప వాడికి దారి మిగలదు.