ఐదేళ్ల లా చేయించాలా, డిగ్రీ అయ్యాక మూడేళ్లదా?

ప్రశ్న: మాది కోదాడ. ఎరువుల దుకాణం నడుపుతాను. పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇంజినీరింగ్ వద్దు, లా చదువుతానని పట్టుబట్టింది. ఐదేళ్ల కోర్సు మంచిదా, డిగ్రీ అయ్యాక మూడేళ్లది మంచిదా? ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు కార్పొరేట్ లాయరైతే లక్షల్లో జీతం అంటున్నారు. ఆడపిల్ల కోర్టుల చుట్టూ తిరగడమంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. దూరవిద్యలో చేయిస్తే ఎలా ఉంటుంది?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, దుకాణం మారుతుంది, చివరి రెండు వాక్యాలు మాత్రం మారవు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో, లాయర్లను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కాలేరు. రోజూ కాలేజీకి వెళ్లి, హాజరు వేయించుకుని చదివితేనే నల్లకోటు. అమ్మాయి గడప దాటకూడదు, పట్టా మాత్రం ఇంటికి రావాలంటే కుదిరే చదువు కాదిది. ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని చట్టం వచ్చింది 1923లో. జస్టిస్ కె. అమరేశ్వరి మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టులో న్యాయమూర్తి అయింది 1978లో. అప్పటికి మీరు పుట్టారో లేదో. ఇప్పుడు కూర్చుని కోర్టంటే భయపడితే ఎలా అండీ?

మీ ఊళ్లోనే కోర్టుంది. ఒకరోజు దుకాణం ఎవరికైనా అప్పగించి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. మామూలు విచారణలు ఎవరైనా చూడొచ్చు. వెనక బెంచీలో కూర్చుంటే చాలు. ఆడ లాయర్లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. కేసు పిలవడం, వాయిదా పడటం, మళ్లీ ఇంకో కేసు పిలవడం, ఇదే తంతు. మధ్యాహ్నానికి అమ్మాయికి ఆవులింతలు వస్తున్నాయా, ‘ఆ సాక్షిని ఇంకో ప్రశ్న అడగాల్సింది నాన్నా’ అంటోందా చూడండి. డబ్బులు కట్టి రాయించే ఆప్టిట్యూడ్ టెస్టులకన్నా నేను దీన్నే నమ్ముతాను.

ఇక ఆ లక్షల జీతం. కార్పొరేట్ లాయరంటే కంపెనీల ఒప్పందాలు రాసేవాళ్లు, చదివేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు. మంచి పనే. కానీ వాళ్లలో చాలామంది కోర్టు మెట్లెక్కరు. మీ అమ్మాయి ఏం చూసి లా అంటోందో అడిగారా? వాదించాలని ఉన్న పిల్లను ఏసీ గదిలో ఒప్పందాల ముందు కూర్చోబెట్టి, కోర్టు భయం తీరిందని మీరు ఊపిరి పీల్చుకుంటారేమో! పైగా ఆ పెద్ద జీతాలిచ్చే సంస్థలు ఎక్కువగా ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉన్నాయి. అవి ముందుగా వెళ్లేది పేరున్న కొన్ని జాతీయ లా యూనివర్సిటీలకే. బ్రోచర్లో వేసిన నలుగురి ఫొటోలు చూసి మిగతా క్లాసు సంగతి అడగడం మరిచిపోతాం. నేనూ ఒకప్పుడు అలాంటి బ్రోచర్లు చూసి పిల్లల్ని పంపినవాణ్నే. వాళ్లలో ఒకబ్బాయి చదువు అయ్యాక జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరాడు. సీనియర్ ఇచ్చేది పెట్రోలుకే సరిపోయేది, బ్యాంకు వాయిదా నెలనెలా తండ్రే కట్టేవాడు. ఆ తండ్రి ఫోన్ చేసినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. అందుకే ప్రైవేటు కాలేజీ కోసం పది, పదిహేను లక్షలు అప్పు చేస్తానంటే నేను ఒప్పుకోను.

హైదరాబాద్‌లోని జాతీయ లా యూనివర్సిటీ నల్సార్‌లోనో, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో సీటొస్తే వేరే మాట. తంటాలు పడైనా పంపండి. నల్సార్‌లో తెలంగాణ పిల్లలకు స్థానిక కోటా కూడా ఉంది. రాకపోతే రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా మన యూనివర్సిటీ లా కాలేజీలు ఉండనే ఉన్నాయి.

మీరు అడగని ఖర్చు ఒకటుంది, అసలు దాచుకోవాల్సింది దానికే. పట్టా వచ్చాక మొదటి మూడు నాలుగేళ్లు చేతిలో పెద్దగా డబ్బు ఆడదు. సీనియర్ దగ్గర ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం, కౌంటర్ (ఎదుటివాళ్ల పిటిషన్‌కు జవాబు) డ్రాఫ్ట్ చేసి నాలుగుసార్లు తిట్టించుకోవడం, పని నేర్చుకునేది ఇలాగే. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది గానీ, అది సూచనే. పట్టా రాగానే జడ్జి పరీక్ష రాయొచ్చులే అనుకునేవాళ్లకు సుప్రీంకోర్టు 2025 మేలో ఇచ్చిన తీర్పు అడ్డం పడింది. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్నా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. ఆ మూడేళ్లు మీరు అమ్మాయిని పోషించగలరా, ‘ఇంకా సంపాదన లేదేంటి’ అనకుండా ఉండగలరా, పెళ్లి సంబంధాలు తెచ్చి మధ్యలో లేపకుండా ఉండగలరా? కోర్సు ఏదన్నదానికన్నా నాకు ఇదే పెద్ద ప్రశ్న.

పోలిక అడిగారు కదా, చెబుతాను. రెండు పట్టాలకీ బార్ కౌన్సిల్ దగ్గర ఒకటే విలువ. ఇంటర్ తర్వాత ఐదేళ్లా, డిగ్రీతో కలిపి ఆరేళ్లా, తేడా ఒక్క ఏడాది. ఐదేళ్ల కోర్సులో మూడేళ్లకు బీఏ తీసుకుని దిగిపోయే వీల్లేదు. మనసు గట్టిగా ఉన్నవాళ్లకు అది, ఊగిసలాట ఉన్నవాళ్లకు డిగ్రీ దారి. మీ అమ్మాయిది మొదటి రకంలాగే ఉంది, కోర్టు చూసొచ్చాక ఖాయం చేసుకోండి.

తెలుగు మీడియం గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు, అమ్మాయికి మాత్రం లోపల అదే బెంగ అయ్యుంటుంది. హైకోర్టులో, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో ఇంగ్లిష్ తప్పదు, రోజుకో సంపాదకీయం చదివితే రెండేళ్లలో దారికొస్తుంది. కానీ కింది కోర్టులో సాక్షి మాట్లాడేది తెలుగే. బోనులో నిలబడ్డ రైతు ‘పొలం గట్టు జరిపిండు’ అంటే దాని అర్థం మీ అమ్మాయికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోనూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే తీర్పును రెండు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని చదవమనండి, ఏ ట్యూషనూ అక్కర్లేదు.

ఎందుకైనా మంచిదని ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కూడా రాయిస్తారని నాకు తెలుసు. రాయించండి, తప్పులేదు. మంచి ర్యాంకు వచ్చిందని మాత్రం ఆ పిల్ల దగ్గర మాట మార్చకండి.