రిజెక్షన్ లెటర్ వచ్చిందని క్లెయిమ్ వదులుకోకండి

"నాన్నగారికి ఆరేళ్లుగా హెల్త్ పాలసీ ఉంది. స్టెంట్ వేశాక, బీపీ ముందు నుంచే ఉన్నా చెప్పలేదంటూ క్లెయిమ్ తిరస్కరించారు. ఇంకేమైనా దారి ఉందా?" అని అడిగారు. ఉందండీ.

నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో పనిచేసి బయటికొచ్చాను. ఇప్పుడు ఇలా ఇబ్బంది పడేవాళ్లకు అప్పీళ్లు రాసిపెడుతున్నాను. బిల్లు పెద్దదైతే లోపల మొదట వెతికేది హాస్పిటల్ కేస్ షీట్. అడ్మిట్ చేసుకునేటప్పుడు డ్యూటీ డాక్టర్ అడిగితే, టెన్షన్‌లో ఉన్న ఇంట్లోవాళ్లు "ఎప్పటి నుంచో బీపీ ఉందండీ" అంటారు. షీట్‌లో "పదేళ్లుగా" అని పడుతుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని తిరస్కరించిన ఫైళ్లు నేను చూశాను. కాబట్టి కేస్ షీట్ కాపీ తీసుకోండి. అందులో తప్పుంటే, బీపీ ఎప్పుడు బయటపడిందో చూసిన డాక్టర్‌తో రాయించి, మొదటి మందుల చీటీ జత చేయండి.

మీకు ఇంతకన్నా గట్టి ఆధారం ఇంకొకటి ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో మారటోరియం గడువును 8 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గించింది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. మధ్యలో కవర్ పెంచి ఉంటే మాత్రం, పెంచిన మొత్తానికి ఆ 60 నెలలు పెంచిన రోజు నుంచే లెక్క.

కాల్ సెంటర్‌తో వాదించి అలసిపోకండి, అక్కడ నిర్ణయం మారదు. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి: ఏ క్లాజ్ కింద తిరస్కరించారు, క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉందా? ఆ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదని 2024 నిబంధనల్లోనే ఉంది. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయండి.

నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లండి. కంపెనీ తిరస్కరించాక ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు అడగొచ్చు. అక్కడిచ్చే అవార్డుకు (తీర్పుకు) కంపెనీ కట్టుబడాలి. మీకు న్యాయం జరగలేదనిపిస్తే వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది.

మంచం పట్టిన మనిషిని చూసుకుంటూ ఇవన్నీ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ అలసటతోనే చాలామంది న్యాయంగా రావలసిన డబ్బు వదిలేసుకుంటున్నారు. పాలసీ మొదలైన తేదీ, లెటర్‌లో రాసిన కారణం ఉన్నదున్నట్టు చెప్పండి, గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపాల్సిన మెయిల్ నేను రాసిస్తాను.