కురండా ఒక్క రోజు ట్రిప్: మేం చేసిన పొరపాటు మీరు చెయ్యకండి

ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో ఉండేది రెండు రోజులే, ఒక రోజు పగడపు దిబ్బలకే సరిపోతుంది, మిగిలిన రోజు పెద్దవాళ్లతో దగ్గర్లోని కొండమీది ఊరు కురండా వెళ్లిరావచ్చా అని అడిగారు. హాయిగా వెళ్లిరండి. డెబ్బైకి దగ్గరపడ్డ అమ్మానాన్నలతో మేం జూలైలో వెళ్లాం. (అన్నట్టు, అక్కడివాళ్లు కెయిర్న్స్ పేరును దాదాపు 'క్యాన్స్' అన్నట్టు పలుకుతారు. మొదటిరోజు డ్రైవరు చెప్పింది నాకు అర్థం కాలేదు.)

మా పొరపాటేమిటంటే, దిగగానే సీతాకోకచిలుకల పార్కుకు వెళ్లాం. అమ్మ ఎర్రచీర మీద ఒకటి వచ్చి వాలింది, ఇక ఆవిడ కదిలితే ఒట్టు. తర్వాత బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, తీరిగ్గా మార్కెట్‌కి చేరేసరికి మూడు దాటింది. అప్పటికే దుకాణాలు సర్దేస్తున్నారు. మన సంతలా దీపాలు పెట్టేదాకా సాగదు, టూరిస్టులు కొండ దిగే వేళకి ఊరు కూడా ముడుచుకుంటుంది. అందుకని ముందు మార్కెట్ చూడండి, పార్కులు తర్వాత.

1970ల్లో హిప్పీలు వచ్చి స్థిరపడ్డ ఊరది. ఆ ఛాయ మార్కెట్‌లో ఇంకా కొంచెం కనిపిస్తుంది. మిగతాది మామూలు టూరిస్టు సరుకే, పెద్దగా ఆశ పెట్టుకోకండి. బూమరాంగ్, డిజెరిడూ (ఆదివాసీలు ఊదే పొడవాటి వాద్యం) లాంటివి కొంటే ఎవరు చేశారో అడగండి. వేరే దేశాల్లో తయారైన నకళ్లు కూడా అక్కడ అమ్ముతారు. ఆ అడవి జాబుగాయ్ అనే ఆదివాసీ ప్రజలది. ఆదివాసీ కళాకారుల చేతిపని అయితే సాధారణంగా పేరు చెప్పి అమ్ముతారు.

నిజానికి రోజంతటికీ విలువ తెచ్చేది ప్రయాణమే. పైకి రైల్లో వెళ్లండి, దాదాపు రెండు గంటలు. వానాకాలంలో దారులు తెగి, కొండమీది తగరం గనుల ఊళ్లకు తిండిగింజలు అందక ఇబ్బంది పడ్డాక వేసిన లైను అది. పని 1886లో మొదలై, 1891కి కురండా చేరింది. పదిహేను సొరంగాలు, అన్నీ మనుషులు చేత్తో తవ్వినవే. లెక్కపెట్టిన నాన్న మాత్రం "మన అరకు లైనులో యాభై ఎనిమిది" అని తేల్చేశారు. బారన్ జలపాతం దగ్గర కాసేపు ఆపుతారు. వానలు లేని నెలల్లో వెళ్తే నీళ్లు సన్నగా ఉంటాయి, పైగా కొంత నీరు కరెంటు ఉత్పత్తికి మళ్లిస్తారు. "ఇదేనా?" అంది అమ్మ. డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే హోరెత్తుతుందట.

దిగేటప్పుడు కేబుల్ కారు, ఏడున్నర కిలోమీటర్లు, చెట్ల తలల మీదుగా. మధ్యలో రెండు చోట్ల దిగి అడవిలో చెక్కదారి మీద నడవొచ్చు, పెద్దవాళ్లకూ కష్టం కాదు. ఆకులు మాత్రం ముట్టుకోనివ్వకండి, మన దురదగొండి ఏపాటిది అనిపించే, ఒంటికి గుచ్చుకునే నూగున్న చెట్టు అక్కడుంది. తిరుగు కేబుల్ కారుకు టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి, దిగడానికి గంటన్నర వేసుకోండి. మేం ఆఖరి స్లాట్ కోసం పరిగెత్తాం, ఆ టెన్షన్‌లో మార్కెట్‌లో బేరమాడి పక్కన పెట్టించిన టోపీ అక్కడే ఉండిపోయింది.