పాపకు పొద్దున్నే కడుపునొప్పి, టెస్టులన్నీ నార్మల్.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం న్యూజెర్సీలో ఉంటాం. పాపకు 14 ఏళ్లు, చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది. కొన్నాళ్లుగా స్కూలుకు బయల్దేరే టైముకు కడుపునొప్పి అంటోంది. టెస్టులన్నీ నార్మల్. ఇంటికొస్తే గది తలుపేసుకుంటుంది. మావారి ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి, పాపకు చెప్పలేదు. విజయవాడలో మా అమ్మ దగ్గరికి పంపమంటారా? కౌన్సెలింగ్‌కు వెళ్తే వీసాకు ఇబ్బందవుతుందా?

జవాబు: అమ్మా, పాప నటించడం లేదు. టెన్షన్ ఎక్కువైతే పిల్లలకు నిజంగానే కడుపు నొప్పి పుడుతుంది. శని, ఆదివారాల్లో కూడా వస్తోందా, స్కూలున్న రోజే వస్తోందా గమనించండి. బరువు తగ్గినా, నొప్పికి నిద్రలోంచి లేచినా మళ్లీ డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇక పాపకు చెప్పలేదన్నారు. మీరు చెప్పకపోయినా, రాత్రి హాల్లో మీరిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకునేటప్పుడు 'ఉద్యోగం పోతే 60 రోజులే' (వర్క్ వీసా వాళ్లు ఆలోగా మరో ఉద్యోగమో, మరో దారో చూసుకోకపోతే దేశం వదలాలి) అన్న ముక్క చెవిన పడితే చాలు, మిగతాదంతా తనే ఊహించుకుంటుంది, ఆ ఊహ అసలు సంగతి కంటే ఘోరంగా ఉంటుంది. తను హెచ్4 (హెచ్1బీ లాంటి వర్క్ వీసా ఉన్నవాళ్ల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద ఉంటే 21 నిండాక ఆ వీసా ఉండదన్న లెక్క కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. పక్క బెంచీలో కూర్చునే, అక్కడే పుట్టిన స్నేహితురాలికి ఈ బెంగ లేదు, ఇక ఎవరితో చెప్పుకుంటుంది?

కాబట్టి ఇద్దరూ కూర్చుని చెప్పేయండి. నాన్న కంపెనీలో కొందరిని తీసేస్తున్నారు, నాన్న ఉద్యోగం ఇప్పటికైతే ఉంది, పోతే మనం చేసేది ఇదీ అని. 'అందుకే నువ్వు బాగా చదవాలి' అని తోక మాత్రం తగిలించకండి (మనవాళ్లకు అదొక అలవాటు). పాప ఇంగ్లిష్‌లో మాట్లాడితే మాట్లాడనివ్వండి, తెలుగు సరిదిద్దే టైము కాదిది.

అమ్మమ్మ దగ్గరికి సెలవుల్లో అయితే హాయిగా పంపండి. చదువు మధ్యలో వద్దు, నన్ను వదిలించుకున్నారు అనుకుంటుంది.

కౌన్సెలింగ్‌కు వెళ్లినంత మాత్రాన వీసా పోదు. గ్రీన్‌కార్డు కోసం చేసే వైద్య పరీక్షలో చూసేది, మానసిక సమస్య వల్ల తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. ఆందోళన, డిప్రెషన్ ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆపరు. ముందు స్కూల్ కౌన్సెలర్‌ను కలవండి, ఫీజు ఉండదు. పిల్లల డాక్టర్‌ను డిప్రెషన్ స్క్రీనింగ్ చేయమనండి, అక్కడ 12 దాటిన పిల్లలకు అది మామూలే. ఆ కాసేపు మీరు బయట కూర్చోండి, మీ ముందు పాప నోరు విప్పదు.

తిండి మానేసినా, చేతుల మీద గాట్లు కనిపించినా, 'నేను లేకపోతే మీకు హాయి' లాంటి మాట అన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఉన్నవాళ్ల కోసం అక్కడున్న హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, 24 గంటలూ పలుకుతారు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే నేరుగా ఎమర్జెన్సీ నంబరు 911.