దగ్గు లేదు, జ్వరం లేదు.. టీబీ మాత్రలు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. నాకు చర్మ పరీక్ష పాజిటివ్, ఎక్స్‌రేలో ఏమీ లేదు. దగ్గు, జ్వరం లేవు. వయసు 38, షుగర్ ఉంది. వారానికోసారి చొప్పున మూడు నెలలు మాత్రలు వేసుకోమన్నారు. ఇమ్యూనిటీ పెంచే కషాయం తాగితే సరిపోదా? – ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: సూది వేసిన చోట చెయ్యి గట్టిపడి ఉబ్బింది కదా, అది మీ ఇమ్యూనిటీ చేసిన పనే. క్రిమిని అది గుర్తుపట్టింది. చంపలేకపోయిందంతే.

ఊపిరితిత్తుల్లోకి వచ్చిన క్రిమిని మాక్రోఫేజ్ అనే కణం మింగి, ఒక సంచిలో వేసి, అందులోకి ఆమ్లం, ఎంజైములు వదిలి అరిగించేస్తుంది. టీబీ క్రిమిని కూడా మింగుతుంది, కానీ అరగదు. తన పైపొరలోని కొవ్వులతో, తాను వదిలే ప్రోటీన్లతో ఆ ఎంజైములు సంచిలోకి చేరకుండా క్రిమి అడ్డుకుంటుంది. తినడానికొచ్చిన కణంలోనే కాపురం పెడుతుంది. పైగా లింఫ్ గ్రంథులకు కబురు అందడమే ఆలస్యం చేస్తుంది. అక్కడి నుంచి టి-కణాలనే రక్షక కణాలు వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. ఇక చంపడం కుదరక, కణాలన్నీ చుట్టూ గోడలా చేరి దాన్ని బంధిస్తాయి. మీరిప్పుడు ఈ దశలో ఉన్నారు. మీ నుంచి ఎవరికీ అంటదు.

ఇలాంటివారిలో ఎప్పటికైనా జబ్బు పడేది నూటికి 5 నుంచి 10 మందే. కానీ క్రిమి సోకిన మొదటి రెండేళ్లలోనే ముప్పు ఎక్కువ. షుగర్ దాన్ని రెండు మూడు రెట్లు పెంచుతుంది. మందులు వాడమన్నది అందుకే.

మిరియాల కషాయం మా ఇంట్లోనూ కాస్తాం, తాగండి. అది ఆ కణంలో దాక్కున్న క్రిమిని ఏమీ చేయలేదు. ఏం కలిపారో తెలియని పొడులు, లేహ్యాలు మాత్రం ఈ మూడు నెలలూ వద్దు, లివర్‌కు భారం. మద్యం కూడా మానండి. తిండి మాట వేరు. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు అదనంగా పోషకాహారం ఇస్తే, ఆ ఇళ్లలో కొత్త కేసులు 40 శాతం దాకా తగ్గాయని 2023లో వెలువడిన అధ్యయనం చూపింది. పప్పు, గుడ్డు తగ్గించకండి.

మాత్రల వల్ల మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడొద్దు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రలు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. కొన్ని షుగర్ మాత్రల పనితనం తగ్గొచ్చు, గ్లూకోజు తరచూ చూసుకోండి. రెండు వారాలు దాటి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం మొదలైతే ఈ మాత్రలు చాలవు, తెమడ పరీక్ష చేయించుకోవాలి.