ఉమ్మడి డిగ్రీ పనికి దిగుతున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి మాస్టర్స్ కోర్సు నడిపే బాధ్యత నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. సిలబస్ ముసాయిదా పంపి ఎలా ఉందో చెప్పమన్నావు. బాగుంది. కానీ కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టు. ఆ కోర్సు పూర్తిచేసిన విద్యార్థి చేతికి ఏ కాగితం వస్తుందో ముందు తేల్చుకో.

ఒకే పట్టా మీద రెండు సంస్థల పేర్లూ ఉంటే అది జాయింట్ డిగ్రీ. ఎవరి పట్టా వాళ్లు విడిగా ఇస్తే డ్యూయల్ డిగ్రీ. మాటల్లో రెండింటినీ కలిపేస్తాం గాని చట్టం దగ్గర అవి వేరు. తమ పట్టా మీద ఇంకో సంస్థ పేరు వేయడానికి ఒప్పుకోని చట్టాలు కొన్నిచోట్ల ఉన్నాయి. నా మొదటి కోర్సులో ఈ సంగతి ఆఖరి సెమిస్టరు నడుస్తుండగా తెలిసింది. ఉమ్మడి పట్టా ఇస్తామని చెప్పి పిల్లల్ని చేర్చుకున్నాం. చివరికి రెండు విడి పట్టాలు ఇచ్చి, ఒక్కొక్కదాని మీద ‘ఇది ఉమ్మడి కోర్సులో భాగం’ అన్న ఒక్క వాక్యం వేయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగాల్లో చేరాల్సిన పిల్లలు అన్నాళ్లూ తాత్కాలిక సర్టిఫికెట్లు పట్టుకుని తిరిగారు. వాళ్ల ముఖాలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అందుకే మొదటి సమావేశంలో రెండు వైపుల నుంచీ ప్రొఫెసర్లతో పాటు రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్లనీ, పరీక్షల విభాగం వాళ్లనీ కూర్చోబెట్టు. పట్టా నమూనా, మార్కుల పత్రం నమూనా అక్కడే బల్లమీద పెట్టు. ఆ పట్టాను మూడో దేశంలో ఎవరు ఎలా చదువుతారో కూడా అప్పుడే అడుగు. యూరప్‌లో ఒక దేశం డిగ్రీని ఇంకో దేశం గుర్తించడం మీద 1997లో కుదిరిన లిస్బన్ ఒప్పందానికి తోడు, ఉమ్మడి డిగ్రీల గుర్తింపు మీద 2004లో ప్రత్యేక సిఫార్సు వచ్చింది. ఇలాంటి గుర్తింపు మీదే 2019లో యునెస్కో ఆమోదించిన ప్రపంచ ఒప్పందం 2023లో అమల్లోకి వచ్చింది. కానీ ఇలాంటి ఒప్పందాలు వాటిలో చేరిన దేశాలకే వర్తిస్తాయి. మీ భాగస్వామి దేశం ఏ జాబితాలో ఉందో చూసుకో.

అక్రిడిటేషన్, అంటే కోర్సు నాణ్యతను పరీక్షించి ఇచ్చే గుర్తింపు, ఇంకో చిక్కు. రెండు దేశాల గుర్తింపు సంస్థలు ఒకే కోర్సును రెండుసార్లు, రెండు రకాల కొలతలతో పరీక్షిస్తాయి. ఈ బాధ తప్పించడానికే 2015లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో యూరప్ విద్యామంత్రులు ఉమ్మడి కోర్సులకు ఒకే మూల్యాంకనం సరిపోయే పద్ధతిని ఆమోదించారు. మీకు అది వర్తించకపోయినా అందులోని ప్రమాణాలు చదువు. విద్యార్థికి ఏం రావాలి, చేరే అర్హత ఏమిటి, ఎవరు ఆదుకుంటారు అన్న ప్రశ్నలు అక్కడ వరసగా దొరుకుతాయి.

ఇక క్రెడిట్లు, గ్రేడులు. యూరప్ లెక్కలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోదానికి తరగతులూ సొంత చదువూ కలిపి 25 నుంచి 30 గంటల పని. మీ లెక్కలో క్రెడిట్ అంటే తరగతి గంటలే అయితే ఆ రెండూ ఒకటి కావు. గ్రేడుల దగ్గర మరీ జాగ్రత్త. ఫ్రాన్స్‌లో 20కి 14 వచ్చిందంటే మంచి విద్యార్థే, 16 చాలా గొప్ప. దాన్ని శాతంగా మార్చి 70 అని రాస్తే ఆ పిల్లకి అన్యాయం చేసినట్టే. జర్మనీలో 1.0 అన్నిటికన్నా పై గ్రేడు, 4.0తో గట్టెక్కుతారు. కాబట్టి సూత్రం వేసి గుణించొద్దు. రెండు చోట్లా గత కొన్నేళ్లలో ఏ గ్రేడు ఎంతమందికి వచ్చిందో పట్టిక తయారుచేసి, ఆ వరసల్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. కొంచెం శ్రమే, అయినా న్యాయమైన దారి అదే.

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది క్యాలెండరు. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే, జర్మనీలో శీతాకాల సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. ఈ సందుల్లోనే పిల్లలు నలిగిపోతారు. మా దగ్గర ఒక విద్యార్థి అవతలి చోట ఒక్క పేపరు తప్పాడు. మా నిబంధన ప్రకారం కొద్ది వారాల్లో మళ్లీ రాయొచ్చు. వాళ్ల దగ్గర మరుసటి ఏడాదిదాకా పరీక్షే లేదు. ఈలోగా వీసా గడువు అయిపోయింది. ఏ నిబంధన వర్తిస్తుందో ఒప్పందంలో మేం రాసుకోలేదు. తప్పు మాది, నష్టం వాడిది. తప్పిన పేపరు ఎక్కడ, ఎప్పుడు రాయాలి, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఈ రెండూ మాత్రం ఎంఓయూలో, అంటే మొదట రాసుకునే స్థూలమైన అవగాహన పత్రంలో కాకుండా, ఇరువైపుల అకడమిక్ కౌన్సిళ్లూ ఆమోదించిన వివరమైన ఒప్పందంలో ఉండాలి.

రెండో దేశం వీసాకి పాస్‌పోర్టు ఇచ్చేస్తే చాలాచోట్ల వారాల తరబడి చేతికి రాదు. కాబట్టి ప్రవేశపత్రం ముందుగానే పంపాలి. బస, బీమా, బ్యాంకు ఖాతా గురించి అడగడానికి రెండు చోట్లా ఒక్కొక్క మనిషిని పేరుతో సహా చెప్పు. ‘అంతర్జాతీయ విభాగాన్ని సంప్రదించండి’ అనే మాట కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్లకి ఏ సాయమూ చెయ్యదు.

ఫీజు ఒకేచోట కట్టించుకుని, క్రెడిట్ల లెక్కన పంచుకోండి. గ్రాంటు మీద మాత్రం పూర్తిగా ఆధారపడకండి. ఉమ్మడి మాస్టర్స్ కోర్సులకు యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే, 2004లో మొదలైన ఎరాస్మస్ ముండుస్ వంటి పథకాలు మంచి ఊపునిస్తాయి గాని వాటికి గడువుంటుంది.

పెళ్లిమాటల్లో విడాకుల ప్రస్తావన ఎందుకంటారు చాలామంది. ఈ పనిలో మాత్రం తప్పకుండా తేవాలి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ కలిసి 2011లో స్థాపించిన కళాశాలను మూసేస్తున్నట్టు 2021లో ప్రకటించారు. అప్పటికే చేరినవాళ్లకు చదువు అక్కడే పూర్తయ్యే ఏర్పాటు చేశారు. ఆఖరి బ్యాచ్ 2025లో బయటికొచ్చింది. అంత పెద్ద సంస్థలకే ఈ పరిస్థితి వచ్చినప్పుడు, చేరిన ప్రతి విద్యార్థీ పూర్తిచేసేదాకా రెండు వైపులూ బాధ్యత వహిస్తాయన్న షరతు లేకుండా నువ్వు సంతకం పెట్టించొద్దు.

ఇంకొకటి, నీతో పాటు ఇంకొకరికి ఈ పనంతా తెలిసి ఉండేలా చూడు. ఒక్కరి మెయిల్‌బాక్సులో బతికిన కోర్సులు వాళ్లు బదిలీ కాగానే ఆగిపోవడం చూశాను. ఆ ఇద్దరికీ బోధన గంటల్లో కొంత తగ్గింపు ఇవ్వమని డీన్‌ని ఇప్పుడే గట్టిగా అడుగు. కోర్సు మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు.

పట్టా నమూనా తయారయ్యాక సిలబస్‌తో కలిపి మళ్లీ పంపు, కూర్చుని చదువుతాను. ముసాయిదాలో నాలుగో సెమిస్టరు థీసిస్‌కి ఎవరు గైడు, ఎవరు మార్కులు వేస్తారన్న గడి ఖాళీగా వదిలావు. అవతలి వాళ్లకి రేపే రాసి అది నింపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు